ఏసురాజు మైకులో అక్క పాట

రాజమండ్రి,
12 జూన్ 1998.

మా తలుపులమ్మక్కకు,

పోయిన ఆదివారం కడియపులంక వచ్చాను. నువ్వు కిటికీలోంచి చూశావు, నేనూ నిన్ను చూశాను. తలుపు మాత్రం తియ్యలేదు. క్యాసెట్టు అట్ట మీద ఫొటో ఉన్న మనిషిని, మల్లె మొక్కల మధ్య అరగంట నిలబడ్డాను. నర్సరీలో పనిచేసే ఆడవాళ్ళంతా మొక్కలు వదిలేసి నన్నే చూశారు. చివరికి మీ నర్సరీ ఆసామి గంగరాజుగారే మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఇప్పుడొద్దులెండమ్మా, కొన్నాళ్ళు పోనివ్వండి" అన్నారు. తర్వాత రెండుసార్లు ఆయన ఇంటికి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పెట్టేశావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. చింపెయ్యాలన్నా దీన్ని ముందు చేతిలోకి తీసుకోవాలి కదా.

జరిగిందంతా గంగరాజుగారే చెప్పారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి మన మండపేట ఏసురాజు మైకు సెట్టు మాట్లాడుకున్నారట. కొబ్బరిచెట్లకు నాలుగు హారన్లు కట్టి, భోజనాల వేళకు నా క్యాసెట్టు పెట్టి, "ఈ పిల్లకి మొట్టమొదట మైకిచ్చింది నేనేనండి" అని అందరికీ చెప్పుకుని, తనూ భోజనానికి కూర్చున్నాడట. పెట్టిన క్యాసెట్టు సైడు అయ్యేదాకా ఆగదు కదా. మూడో పాట నీ మీద రాసింది. నువ్వు బంతిలో కూర్చుని ఉన్నావు. పాట సగంలో అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయావట. పెళ్ళివారింట్లో విస్తరి ముందు నుంచి లేవడం ఎంత మాటో నాకు తెలుసు. నువ్వు లేచావంటే ఎంత బాధపడి లేచావో కూడా తెలుసు.

కానీ అక్కా, ఆ పాటలో నీ పేరు పెట్టలేదు. ఊరి పేరు పెట్టలేదు. అత్తవారిల్లు వదిలి ట్రంకు పెట్టెతో పుట్టింటికొచ్చిన అక్క లోకంలో నువ్వొక్కదానివేనా? ఎవరో అక్క అనుకుని వింటారనుకున్నాను. నేను నీ చెల్లెల్నని మీ లంకలో అందరికీ తెలుసన్న సంగతి, నమ్ము, నాకు తట్టలేదు.

నా బతుకు నీకు తెలిసిందే. పదహారో ఏట ఆర్కెస్ట్రాలో చేరాను. మండపేట, రామచంద్రపురం, ద్రాక్షారామం, ఎక్కడ పెళ్ళయితే అక్కడ, ఎవరో పాడేసిన సినిమా పాటలే పాడాను. ఆరేళ్ళ తర్వాత మండపేటలో ఒక రైసుమిల్లు వాళ్ళ ఫంక్షన్లో కరెంటు పోయింది. వాయిద్యాలు ఆగిపోయాయి, జనం గోల. ఏం చెయ్యాలో తోచక, నేను నోటుబుక్కులో రాసుకున్న పాట ఒకటి ఉత్త గొంతుతో పాడాను. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు నా నలుపు చూసి కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయిన పాట. మిల్లులో ధాన్యం ఎండబోసే ఆడవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఒకామె వచ్చి, "ఎవరి పాటమ్మా అది?" అంది. "నాదేనండి" అన్నాను. "పాట సంగతి కాదమ్మా. ఆ జరిగింది ఎవరికి?" "అదీ నాకేనండి." ఆమె నా చెయ్యి పట్టుకుని మళ్ళీ పాడమంది. ఆ రోజు నుంచి ఇంకొకరి పాట పాడబుద్ధి కాలేదు.

నా పాటలతో క్యాసెట్టు వేసిన రికార్డింగు సుధాకర్‌గారు "పాపాయి అంటే ఎవరు కొంటారమ్మా, హారతి అని పెడదాం" అన్నారు. పేరొక్కటే అబద్ధం, మిగతావన్నీ నిజాలేనని నేను గర్వంగా చెప్పుకునేదాన్ని. కోపం తీరాక ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

నీ
పాపాయి


రాజమండ్రి,
25 జూన్ 1998.

అక్కా,

పదమూడు రోజులైంది. పోస్టుమాన్ మా వీధిలోకి వచ్చేసరికి గుమ్మంలోనే ఉంటున్నాను. ఇంటి ఓనరు సంపూర్ణమ్మగారు "ఎవరైనా అబ్బాయా ఏంటమ్మా?" అని ఆరా తీస్తున్నారు కూడా.

మొదటి ఉత్తరం మళ్ళీ మనసులో చదువుకున్నాను. నన్ను నేను వెనకేసుకొచ్చిన ఉత్తరం అది. మిగతావన్నీ నిజాలే అని రాశాను చూడు, అదే పెద్ద అబద్ధం. నా పాటల్లో నా నలుపుంది, నేను అద్దెకున్న గదులున్నాయి, నన్ను ఇష్టపడి తర్వాత మొహం చాటేసిన కీబోర్డు వాయించేవాడున్నాడు. లేనిది ఒక్కటే. అది పాడలేక, దాని బదులు నీ కష్టం తీసుకెళ్ళి పాడేశాను. నీ పాటలో నేనెక్కడా లేను. ఉండాల్సినదాన్ని.

నీ పెళ్ళికి ముందురోజు, పద్నాలుగేళ్ళ కిందట, పందిరికి మామిడాకులు కడుతున్నారు. నేను వీధి అరుగు మీద కూర్చుని మర్నాడు పాడబోయే పాట వల్లె వేసుకుంటున్నాను. గుర్తుందా, ఏసురాజు మైకు తెస్తున్నాడని తెలిసి నాన్న వెంటపడి, ఏడ్చి, ఒక్క పాటకు ఒప్పించాను. అంతకుముందు మైకు ముట్టుకుని ఎరగను. అప్పుడొక పెద్దావిడ వచ్చింది. చెమటకు తడిసిన నీలం చీర, కాళ్ళనిండా దుమ్ము. "పెళ్ళివారి పిల్లవా అమ్మా?" అంది. అవునన్నాను. "పాలకొల్లు నుంచి వచ్చానమ్మా. పెళ్ళికొడుక్కి మా అమ్మాయితో ఇల్లుంది. రెండేళ్ళ ఆడపిల్ల కూడా. ఇంతమందిలోకి నేను రాలేను. మీ నాన్నగారితో చెప్తావా తల్లీ?" అంది. చెప్తానన్నాను. నా తల నిమిరి బస్సుకు వెళ్ళిపోయింది.

నేను చెప్పలేదు.

అర్థం కాక కాదు. పదమూడేళ్ళదాన్ని, బాగానే అర్థమైంది. నాన్న పందిట్లోనే ఉన్నాడు, పది అడుగుల దూరం. చెప్తే పెళ్ళి ఆగిపోతుంది. పెళ్ళి ఆగితే మైకు రాదు. అక్కా, నేను అప్పుడు అనుకున్నది అచ్చంగా అదే. పెళ్ళయ్యాక చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు పాడాను, అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు పల్లకీ ఎక్కేటప్పుడు నా బుగ్గ గిల్లి "బాగా పాడావే" అన్నావు. ఆ తర్వాత ఇంక నోరు రాలేదు.

రెండేళ్ళకు నువ్వు ట్రంకు పెట్టెతో తిరిగొచ్చావు. బావ సంగతి మొదటిసారి విన్నట్టు నేనూ అందరితో కలిసి నోరు తెరిచి విన్నాను. అమ్మానాన్నలు పోయేదాకా వాళ్ళకూ చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసేదాకా, ఆ పెద్దావిడ తప్ప లోకంలో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నన్ను క్షమించమని అడగను. అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

పాపాయి


రాజమండ్రి,
4 జూలై 1998.

అక్కా,

నువ్వు రాయవని తెలిసింది. మంచిదే, నేను చేసేది చెప్పి ఊరుకుంటాను.

ఈ నెల పంతొమ్మిదిన ఇక్కడ కళాకేంద్రంలో నా ప్రోగ్రాం పెట్టారు. మొదటిసారి నా ఒక్కదాని పేరుతో, అన్నీ నా పాటలతో. గోడల మీద పోస్టర్లు కూడా పడ్డాయి. నిన్న సుధాకర్‌గారి దగ్గరికి వెళ్ళి పాడనని చెప్పాను. ఆయన కాసేపు నమ్మలేదు. "జనం ఆ అక్క పాట కోసమే వస్తున్నారమ్మా" అన్నారు. అందుకే పాడనన్నాను. ఇకమీద క్యాసెట్టులో ఆ పాట తీసెయ్యమన్నాను. పదిహేనో తారీకు దాకా ఆలోచించుకో అని పంపించారు. ఆలోచించేదేం లేదు. పాత ఆర్కెస్ట్రాలోకి మళ్ళీ వెళ్తాను. అక్కడ పాడేవి సినిమా పాటలే. ఎవరి విస్తరి దగ్గరా చిచ్చు పెట్టవు.

నా పాటల నోటుబుక్కు ఈ ఉత్తరంతో కలిపి పార్సెల్ చేస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా రాసినవన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. నీళ్ళపొయ్యిలో వేసుకో. నా చేత్తో నేను వెయ్యలేకపోయాను.

పాపాయి


కడియపులంక,
10 జూలై 1998.

పాపాయికి తలుపులమ్మ ఆశీస్సులు.

నీలాగా రాయడం నాకు రాదు. ఏడో క్లాసు చదువు, తప్పులుంటే సర్దుకో. మూడు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి బియ్యం డబ్బా కింద పెట్టేశాను. రెండోది చదివాక రెండు రోజులు పనిలోకి వెళ్ళలేదు. వెళ్ళిన రోజున అంట్లు కడుతుంటే కత్తి లోతుగా దిగి పదహారు మామిడి మొక్కలు పాడుచేశాను. ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్క రోజున అన్ని పోయింది లేదు. గంగరాజుగారు వాటిని తనే ఏరి అవతల పారేశారు, అదింకా నామోషీ అనిపించింది. నీ మీద అంత కోపమొచ్చిందని చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఆ ముసలావిడ పాలకొల్లు నుంచి పడుతూ లేస్తూ వచ్చి చెప్పిన మాట నువ్వు మింగేశావు. ఏం ఫర్వాలేదులే అని నేను రాయను. ఫర్వా ఉంది. నువ్వు చెప్పి ఉంటే నా రెండేళ్ళు నాకు మిగిలేవేమో.

అది అలా ఉంచు. విస్తరి ముందు నుంచి ఎందుకు లేచానో నీకు ఇంకా తెలియలేదు, అది చెప్తాను.

నా సంగతి బయటపడిందని లేవలేదే. ఇక్కడ తెలియనిదెవరికి? ‘పెట్టె దింపి కాలవ గట్టు మీద కూలబడింది మా అక్క, కాలవ నీళ్ళు ఉప్పనయ్యేలా ఏడ్చింది మా అక్క’ అని పాడావు చూడు, అప్పుడు లేచాను. బంతిలో ఆడవాళ్ళందరూ ముద్ద చేత్తో పట్టుకుని నా వంక జాలిగా చూశారు. ఎదురుగా వడ్డించే ఆవిడ నా విస్తట్లో అడక్కుండానే ఇంకో బూరె వేసింది. తిరిగొచ్చిన ఏడే ఇక్కడ పనిలో చేరాను. పన్నెండేళ్ళు పట్టింది పాపాయీ, ఈ లంకలో నన్ను అంట్లు కట్టే తలుపులమ్మ అనడానికి. నీ పాట అయ్యేసరికి మళ్ళీ మొగుడొదిలేసిన తలుపులమ్మనయ్యాను. ఆయన నన్ను వదల్లేదు. నేనే వదిలేసి వచ్చాను. ఆ రోజు నేను ఏడవలేదు.

నువ్వు చూడలేదు కనుక చెప్తున్నాను విను. పాలకొల్లులో బస్సెక్కినప్పుడు భయమేసిన మాట నిజమే. రావులపాలెంలో బస్సు మారాలి. దిగేసరికి ఆకలేసింది. ఎదురుగా హోటలుంటే పెట్టె పట్టుకుని లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. ఆడది ఒక్కతీ అలా కూర్చుంటే అందరూ చూశారు, చూడనీ అనుకున్నాను. రెండిడ్లీలు తిన్నాను. చట్నీ మళ్ళీ వెయ్యమని అడిగాను. ఆ రెండేళ్ళూ ఆ ఇంట్లో ఏదీ మళ్ళీ వెయ్యమని అడిగి ఎరగను. తింటుంటే నాలో నాకే నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఏడ్చింది అమ్మ. గుమ్మం పట్టుకుని ఏడ్చింది నువ్వు. ఎందుకు అంతలా ఏడ్చావో మొన్నటిదాకా తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. మీ ఇద్దరి ఏడుపూ తెచ్చి నా మొహానికి పూశావు. అయినా కాలవ ఉప్పనైపోతే ఊళ్ళో వరిచేలు ఏం కావాలే?

ఇంకొకటి కూడా రాయాలి. నీ రెండో ఉత్తరం చదువుతూ నాకు నా పెళ్ళి పందిరి గుర్తొచ్చింది. ఆ పెళ్ళిలో నేను తలెత్తి చూసింది ఒక్కసారే. మైకు నీ ఎత్తుకు సరిపోలేదని ఏసురాజు దాన్ని కిందికి దించాడు. నువ్వు కొత్త పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకుని పాడావు. నా చెల్లెలని ఎంత గర్వపడ్డానో. ఆ పెళ్ళి మొత్తంలో నాకు మిగిలిన మంచి అదొక్కటే. దాన్ని కూడా ఇప్పుడు నువ్వు పొయ్యిలో వెయ్యమంటే నేనెందుకు వేస్తాను?

నోటుబుక్కు ఈ ఉత్తరంతో గంగరాజుగారి వ్యానులో పంపిస్తున్నాను. అంతా చదివాను. పెళ్ళిచూపుల పాట దగ్గర నవ్వాను, తర్వాత నీ నలుపును అన్నవాళ్ళను తిట్టుకున్నాను. నా పాట ఉన్న పేజీలో ఏడుపు చరణం కొట్టేసి, కింద పెన్సిలుతో రెండు ముక్కలు రాశాను. ‘రావులపాలెం హోటల్లో రెండిడ్లీలు తిన్నది మా అక్క, చట్నీ మళ్ళీ వెయ్యమన్నది మా అక్క.’ రాగానికి సరిపోకపోతే నువ్వు సరిచేసుకో, జరిగింది మాత్రం మార్చకు. వెనకాల ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి. అందులో మైకు కోసం నోరు మూసుకున్న పిల్ల పాట రాసుకో. అది నీది. నేను ఏడవని చోట నన్ను ఏడిపించడం మాని, నీ సంగతి నువ్వు పాడు.

సుధాకర్‌గారితో పాడతానని చెప్పు. పంతొమ్మిదో తారీకున నేనూ, నర్సరీ ఆడవాళ్ళు ఆరుగురూ వస్తున్నాం. కోపం పూర్తిగా పోయిందనుకోకు. అది ఉన్నా వస్తాను. నువ్వు తిండి మానేసి ఉంటావు, నాకు తెలుసు. ప్రోగ్రాం అయ్యాక ఏదైనా హోటల్లో కూర్చుని తిందాం.

మొన్న మా వీధిలో వ్రతానికి ఏసురాజు మైకు తెచ్చాడు. నన్ను చూసి క్యాసెట్టు దాచబోయాడు, పాపం. కొత్త పాట రాగానే మా లంకలోనే ముందు వెయ్యమని అతనికి గట్టిగా చెప్పాను. బంతి భోజనాల వేళకే వెయ్యమన్నాను. ఈసారి విస్తరి ముందు నుంచి లేవను.

మీ అక్క,
తలుపులమ్మ