ఈ లోకంలో ఉన్న ఇల్లు

త్రియెస్తే నగరంలో స్కోర్కొలా కొండ మీద సొంత ఇంట్లో నివసిస్తూ, విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నీవెస్ పెర్తోత్ అనే నేను, డెబ్బై మూడేళ్ల వయసులో, నోటరీ బెనెదెత్తి గారి ఎదుట, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగానే ఉంది. నిలకడ లేనిది కాళ్లకే. నోటరీగారు కూర్చోమంటూనే ఉన్నారు, నేను కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే చెబుతున్నాను. గుండె కవాటం సంగతి డాక్టర్లు తేల్చాక ఒకచోట ఉండలేకపోతున్నాను. ఇదివరలో రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు.

1. నా చెల్లెలు ఫుల్వియాకు అమ్మ వెండి కాఫీ పాత్ర, నా బొచ్చుకోటు. నా ఒక్కగానొక్క కొడుకు దార్కో పోయి నెల తిరక్కముందే ఆమె టేపు తెచ్చి వాడి గది కొలిచింది. "యాత్రికులకి అద్దెకిస్తే బాగుంటుందక్కా, ఊరికే అంటున్నాలే" అంది. నేను మరచిపోలేదు. కాఫీ మాత్రం నాకంటే బాగా కాస్తుంది. ఇంటి మీద ఆమెకు గానీ ఆమె సంతానానికి గానీ ఏ హక్కూ లేదు.

2. నేను తయారు చేసిన దీపాల పెట్టెను విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు దఖలు పరుస్తున్నాను. మీట నొక్కితే అందులో ఒక్క కాంతికణం, సగం వెలుగును మాత్రమే దాటనిచ్చే అద్దాన్ని తాకుతుంది. అద్దం దాటిపోతే పచ్చదీపం, వెనక్కి మళ్లితే ఎర్రదీపం. ఏది వెలుగుతుందో ముందుగా చెప్పగల శాస్త్రం లేదు. దార్కో, వాడి స్నేహితుడు తుల్లియో చిన్నప్పటినుంచీ తమ తగువులన్నీ దీంతోనే తీర్చుకునేవారు. గ్రాదో రేవు నుంచి తెరచాప పడవను ఎవరు తేవాలి, కారు ఎవరు నడపాలి అని ఆ రోజు కూడా దీన్నే అడిగారు. ఎర్రదీపం వెలిగింది. పడవ దార్కో వంతు. మధ్యాహ్నం ఎండగానే ఉంది. దారిలో కొండగాలి విరుచుకుపడింది. తుల్లియో ఒక్కడే, కారులో, ఇంటికి వచ్చాడు. పెట్టె మీద దార్కో పేరు గానీ నా పేరు గానీ చెక్కకూడదు. పిల్లలు పాఠం నేర్చుకుంటే చాలు.

3. నా పుస్తకాలన్నీ నాతో ముప్పై ఏళ్లు పనిచేసి, అన్నేళ్లూ పోట్లాడిన ఓస్కర్ విద్మార్‌కు. కణం రెండు దారులూ పడుతుందనీ, దానితోపాటు లోకమూ రెండుగా చీలుతుందనీ అతని వాదన. అంత్యక్రియల్లో నా చెయ్యి పట్టుకుని, "పచ్చదీపం వెలిగిన లోకం కూడా ఉంది నీవెస్. అక్కడ మీవాడు ఇంటికి చేరుకున్నాడు" అన్నాడు. ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. "అయితే వెళ్లి వాడికి ఇంత సూపు పోసి రా" అన్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి అతని మాట తప్పని నిరూపించాలని కూర్చున్నాను. నా వల్ల కాలేదు. నిజమని అతనూ నిరూపించలేకపోయాడు. ఎవరి పద్ధతిలో లెక్క చేసినా జవాబు ఒకటే వస్తుంది. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. అంచుల్లో నేను రాసిన తిట్లను అతను చెరిపేయకూడదు.

4. ఈ ఇల్లు, సామాను, వెనకనున్న అంజూరు చెట్టుతో సహా, పడవ ఇంజన్ల మెకానిక్ తుల్లియో గ్రెగోరికి సర్వహక్కులతో చెందాలి. ఓస్కర్ అన్న మాట ఆ రోజు పక్కనే ఉన్న వీడి చెవిన పడింది. అప్పటినుంచి వీడు మనిషి కాలేదు. కుదిరిన పెళ్లిని వాయిదా వేస్తూ వేస్తూ చివరికి ఆ అమ్మాయినే పంపేశాడు. ఒకరోజు నా వంటింట్లో, "అక్కడ పోయింది నేను పిన్నీ. మంచి లోకం అదే. ఇక్కడ నేను పొరపాటున మిగిలిపోయా" అన్నాడు.

ఓస్కర్ చెప్పేది అబద్ధమని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకే తెలియని మాట అనలేకపోయాను. "ఆ లోకం ఉందో లేదో నాకు తెలీదురా. ఉన్నా అక్కడికి దారి లేదు. నేను ఆస్పత్రిలో పడుంటే కుర్చీలో కునుకు తీసింది నువ్వు. నా బాయిలరు చూసేది నువ్వు. ఇది పొరపాటైతే నాకీ పొరపాటే కావాలి" అన్నాను. వాడు లేచి వెళ్లి బాయిలరు విప్పాడు. దాంట్లో ఆ రోజు ఏ లోపమూ లేదు.

దార్కో గదికి వాడు తనకిష్టమైన రంగు వేసుకోవచ్చు. గోడమీది దార్కో ఫొటో తీసేయాలనిపిస్తే తీసేయవచ్చు. వాడు అక్కడ కాపలా ఉండనక్కరలేదు, కాపురం ఉండాలి.

5. తుల్లియో ఇంటిని వద్దనవచ్చు. కొండ ఎక్కలేకనో, ఈ గాలి పడకనో, ఫుల్వియా పక్కింటికి వస్తుందన్న భయంతోనో వద్దంటే అది వాడి ఇష్టం, ఇల్లు అనాథాశ్రమానికి పోతుంది. అయితే, బతికి ఉండే అర్హత తనకు లేదన్న కారణంతో వద్దంటే ఆ నిరాకరణ చెల్లదు. ఇలాంటి షరతు ఏ కోర్టులోనూ నిలబడదండీ అని నోటరీగారు కలం ఆపారు. నిలబడనక్కరలేదు, వాడు చదివితే చాలు, రాయండి అన్నాను. రాశారు.

త్రియెస్తే, 2017 నవంబరు 21.

(సంతకం) నీవెస్ పెర్తోత్

సాక్షులు: మార్తా క్రిజ్మన్, దంతవైద్యురాలు, రెంజో ఫాబ్రిస్, రొట్టెల దుకాణదారు.