పెళ్లిలో మోగిన శోకం

ఆదిశేషమ్మ అత్తకు నమస్కారాలు.

ఫోన్లో మాట్లాడితే ఆఫీసులో వింటారని ఉత్తరం రాస్తున్నాను. ఎవరూ వినని పాటలను జనంలోకి తీసుకెళ్లడమే చెన్నైలో మా పాటల కంపెనీ నాకిచ్చిన పని. మామ పోయినప్పుడు నువ్వు మైపాడు సముద్రపు ఒడ్డున కూర్చుని ఏడ్చిన శోకం మరుగున పడిపోకూడదని, నిన్ను అడిగే మళ్లీ పాడించి రికార్డు చేశాను. దానికింద డప్పులు కలిపింది మాత్రం మా మేనేజరు.

ఇప్పుడది పెళ్లి ఊరేగింపుల్లో మోగుతోంది. కోవూరులో మన వాణి పెళ్లిలో నువ్వూ విన్నావట. "ఆపు నాయనా, మా ఆయన పోయినప్పుడు ఏడ్చింది గదా అది!" అని నువ్వంటే, డీజే అతను "అవ్వా, పాడినది నువ్వేనా!" అంటూ నీతో సెల్ఫీ దిగాడట. ఇక్కడ ఆఫీసులో అందరూ నన్ను అభినందించారు. నాకు మాత్రం అన్నం దిగలేదు.

మేనేజరు ఇంకొకటి కావాలంటున్నాడు. ఇంతకన్నా హుషారుగా ఉండాలట. "ఎవరన్నా పోతేనే గదా సార్ మా అత్త పాడేది" అన్నాను.

"మీ ఊళ్లో ముసలివాళ్లు లేరా?" అని అడిగాడు.

ఆదివారం ఆయన్ను వెంటబెట్టుకుని మీ ఇంటికి వస్తున్నాను. రానంటే నా ఉద్యోగం ఉండదు. నువ్వు శనివారమే నెల్లూరులో మీ చెల్లెలింటికి వెళ్లిపో. తాళం చూసి, ఆయన ముందు నిన్ను గట్టిగా తిడతాను. ఏమీ అనుకోవద్దు.

నీ మేనల్లుడు