దూకకుండా కూర్చోవడం

మార్చి 5, 2019. కొచ్చి

రెండోసారి కూడా ఫెయిల్.

ఈత రాక ఫెయిలయితే చెప్పుకోవడానికైనా ఉండేది. మా బ్యాచ్‌లో అందరికన్నా బాగా ఈదేది నేనే. శబరి నది ఒడ్డున పుట్టాను. రెండేళ్లు షిప్‌లో రేషన్ స్టోర్లో బియ్యం బస్తాలు మోసి, హెలికాప్టర్ ఎయిర్‌క్రూ కోసం వలంటీర్‌గా పేరిచ్చాను. రాతపరీక్ష పాసయ్యాను. మెడికల్ పాసయ్యాను. ఈ ఇనప డబ్బా దగ్గర ఆగిపోయాను.

డబ్బా అంటే హెలికాప్టర్ క్యాబిన్ నమూనా. నలుగురిని సీట్లకు బెల్టులతో కట్టి పూల్‌లోకి వదులుతారు. నీళ్లు నిండుతుండగా అది తలకిందులవుతుంది. పూర్తిగా ఆగేదాకా కదలకూడదు. ఆగాక ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, రెండో చేత్తో బెల్టు విప్పి బయటికి రావాలి. అంతే. రాజస్థాన్ మీణా, నేవీలో చేరాకే ఈత నేర్చుకున్నవాడు, మొదటిసారే పాసయ్యాడు.

నేను మాత్రం నీళ్లు మోకాళ్లను తాకగానే బెల్టు విప్పేస్తున్నాను. నేను విప్పడం కాదు, చెయ్యి దానంతటదే పోతుంది. పడవ ఒరిగితే అది తిరగబడకముందే ఎగువ వైపు దూకెయ్యాలని మా నాన్న నాకు నాలుగేళ్లప్పుడే నేర్పాడు. ఆయన మా ఊరు కుంట దగ్గర శబరి మీద నాటుపడవ నడుపుతాడు. ఇవాళ ముందే బెల్టు విప్పుకుని, డబ్బా తిరిగేసరికి పక్కవాడి మీద పడ్డాను. పాసయ్యాక రెండో రౌండు చేస్తున్న మీణాయే ఆ పక్కవాడు. నా మడమ తగిలి వాడి పెదవి చిట్లింది. వాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు అదే ఎక్కువ మండింది.

నిజం హెలికాప్టర్ అయితే పైన రెక్కలు ఇంకా తిరుగుతుంటాయని, తొందరపడ్డవాడు ముక్కలవుతాడని ఇన్‌స్ట్రక్టర్ అన్నాడు. ఈత బాగా వచ్చినవాళ్లతోనే తనకు తలనొప్పి అని కూడా అన్నాడు. ఏప్రిల్ 8న ఆఖరి ఛాన్స్. తప్పితే మళ్లీ స్టోరు, మళ్లీ బస్తాలు.

మార్చి 6

మీణా పెదవికి రెండు కుట్లు. సారీ చెప్పడానికి వెళ్లి చెప్పకుండా వచ్చాను.

మార్చి 12. కుంట

సెలవు దొరికింది. భద్రాచలం నుంచి జీపులో వచ్చాను. వచ్చీరాగానే నాన్నను పడవ అడిగాను. అందులో కూర్చుంటాను, బోల్తా కొట్టించు అన్నాను. ముప్పై ఏళ్లుగా జనాన్ని దాటిస్తున్నానని, తన చేత్తో తన పడవను తిప్పేది లేదని, కావాలంటే ఇంకెవరి పడవైనా చూసుకోమని అన్నాడు. మనిషిని కట్టేసి నీళ్లలో ముంచేది ఏం నౌకరీ అని అమ్మ అందుకుంది. ఆమెతో వాదించి గెలిచినవాడు ఈ వాడలో లేడు.

మార్చి 13, పొద్దున 6

సుక్కా పడవ ఇచ్చాడు. వాడూ నేనూ ఒకే బడి. వాడిప్పుడు చేపలు పడతాడు.

గొంతుదాకా లోతు ఉన్న చోట, తుండుగుడ్డతో నడుమును బల్లకు కట్టుకున్నాను. ఒక్క లాగుతో ఊడే ముడి. సుక్కా పక్కన నిలబడి పడవను ఒరగదోశాడు. దూకాను. మళ్లీ తోశాడు. మళ్లీ దూకాను. పదకొండుసార్లు. చివరికి సుక్కా దోర్లి భాషలో ఏదో అన్నాడు. ఇక్కడ రాయను.

మార్చి 15

ఇవాళ పద్దెనిమిదిసార్లు. ఒక్కసారీ కూర్చోలేదు.

నాకు నీళ్లంటే భయం. ఇరవై రెండేళ్లకు ఒప్పుకుంటున్నాను. ముందే దూకేవాడికి తన భయం ఎప్పటికీ తెలియదు. అయినా సరే, రేపు మళ్లీ వెళ్తాను.

మార్చి 17

ఈ నాలుగు రోజులూ నాన్న గట్టు మీంచి చూస్తూనే ఉన్నాడని సుక్కా చెప్పాడు. ఇవాళ ఎవరూ పిలవకుండా తన పడవతో మా దగ్గరికి వచ్చాడు. నన్ను అందులోకి ఎక్కమన్నాడు. నా నడుముకున్న తుండు విప్పి సుక్కా మీదకు విసిరి, నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

నాకు కోపమొచ్చింది. దూకమని నేర్పింది నువ్వే కదా అన్నాను.

"నేర్పిన. నేనెప్పుడన్న దూకంగ చూసినవా?"

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానాకాలంలో ఒక సంతరోజు పడవ బోల్తాపడింది. అందరికన్నా ముందు నేనే దూకాను. వెనక్కి చూస్తే నీళ్ల మీద తలలు, అందరి చేతులూ పడవ అంచు మీద. ఆ పడవను ఎవరు పట్టుకున్నారో నేను చూడలేదు.

"అందరు దూకుతరు. దూకినోళ్లు మళ్ల పట్టుకునేది పడవనే గద. నేను గూడ దూకితే అది కొట్టుకపోతది."

అని, పక్కకు వాలి, తన పడవను తనే తిప్పేశాడు.

లోపల చీకటి. ముక్కులోకి నీళ్లెక్కి మంట. నాన్న చెయ్యి బల్ల మీద ఉంది, దాని పక్కన నాది. ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. పడవ ఊగడం మానేసేదాకా అలాగే ఉన్నాం. అప్పుడు నా మోకాలి మీద తట్టాడు.

పైకి వచ్చాక పడవను నిలబెట్టి, నీళ్లు తోడి, ఆవలి ఒడ్డున జనం ఎదురుచూస్తున్నారని, నా వల్ల ఆలస్యమైందని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నాన్నంటే నాకింత ఇష్టమని ఇవాళే తెలిసింది. ఆయనకు చెప్పను.

మార్చి 22

సుక్కా పడవలో ముప్పైసార్లు. ముప్పైసార్లూ కూర్చున్నాను.

ఏప్రిల్ 8. కొచ్చి

పాస్.

అందరికన్నా ఆలస్యంగా వచ్చానట. సేఫ్టీ డైవర్ నా కోసం లోపలికి రాబోయాడట. ఇరుక్కుపోయావా అని ఇన్‌స్ట్రక్టర్ అడిగాడు. లేదన్నాను.

డబ్బా ఆగింది. కిటికీ అంచు పట్టుకుని బెల్టు విప్పాను. అంచు వదలకుండా ఆగాను. ఒకడు వెళ్లాడు. ఇద్దరు. ముగ్గురు. అప్పుడు వచ్చాను.

లెక్కపెట్టమని నాకెవరూ చెప్పలేదు.