హేరోదు సైనికుల ఖాకీ దుస్తులు, తీసివేయబడని సన్నివేశము

పోలీసు ఉపవిభాగాధికారి గారి సముఖమునకు,
ఆత్మకూరు.

అయ్యా,

విషయం: మా లఘుచిత్రములోని ఒక సన్నివేశము తీసివేయవలెనని ఒత్తిడి చేయుట, చర్చి నాటకపు ఖాకీ దుస్తులు పట్టుకొనిపోవుట గురించి.

పెన్నగట్టుపాళెం దర్జీ, రాత్రిబడిలో చదివి నలభై మూడవ యేట బి.ఏ. పట్టా పొందిన ప్రేమానందం విన్నవించుకొనునది.

1. మా సంఘకాపరి గారి కుమార్తె ఏంజెలిన్ తీసిన పదిహేను నిమిషాల నేరకథా చిత్రము హైదరాబాదులో ఒక అవార్డుకు నామినేటు అయినది. అందులో ఇద్దరు పోలీసులు. సోమశిల నీళ్లలో కొడుకు శవమై తేలిన ఒక ముసలమ్మ, అది హత్యయని ఫిర్యాదు తెచ్చును. కానిస్టేబులు రాసుకొందమనును. ఎస్సై రాయనీయక ఆమెను ఎండలో నిలబెట్టును. ఆ ఎస్సై వేషము నాది. కథ కల్పితము.

2. వేషమునకు దుస్తులు కొనలేదు. మా క్రిస్మస్ నాటకములో హేరోదు రాజు సైనికులు తాతల నాటినుండి ఖాకీలోనే వచ్చి, చంపుటకు పసిబిడ్డల కొరకు వెదకుదురు. ఇప్పటి జతలు నేను కుట్టినవే. ఇంతవరకు ఏ అధికారియు ఆక్షేపించలేదు. కొందరు ముందు వరుసలో కూర్చుండి కేకు కూడ తిన్నారు.

3. గత మంగళవారము మా ఠాణా కానిస్టేబులు పెంచలనరసయ్య గారు, ఆ సన్నివేశపు తునక ఎవరి ఫోనులోనో చూచి, నా దుకాణమునకు వచ్చినారు. జరిగిన సంభాషణ జరిగినట్లు రాయుచున్నాను.

"ఏంది ఎస్సై సారూ, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినారా?"

"సినిమా సార్ అది."

"సినిమానా? అచ్చం మా స్టేషన్లో జరిగినట్టే ఉండాదే!"

"ఆ మాట నేననలేదు సార్. మీరే అన్నారు."

వారి ముఖము మారినది. ఎండలో నిలబెట్టు సన్నివేశము తీసివేయవలెననియు, లేనిచో యూనిఫారము ధరించినందుకు కేసు పెట్టుదుమనియు చెప్పి, రెండు జతలు పట్టుకొనిపోయినారు. రసీదు అడుగగా, "ఎస్సైవి గదా, నువ్వే రాసుకో" అన్నారు.

4. సదరు సన్నివేశము తీసివేయబడదు. అది తీసివేసినచో మిగులునది ఒక ముసలమ్మ ఠాణాకు పోయి వచ్చుట. అందులో నేరమెక్కడ? ముసలమ్మగా నటించిన మా పొరుగింటి మస్తానమ్మను ఏంజెలిన్ ఏడవమనగా, "నేనెందుకేడవాల పాపా? రాసుకోమని అడగతా, అంతే" అన్నది. అయ్యా, ఎండ నటన కాదు. ఆమె చెప్పులు లేకుండ నిలబడినది. నేను ఫ్యాను కింద కూర్చుండి శనక్కాయలు తినవలెను, అది నా పాత్ర. ఒలిచినవి ఒలిచినట్లే పొట్లములో వేసితిని. ఆమె నిలబడినది లోకము చూడవలెను.

కావున దుస్తులు తిరిగి ఇప్పించి, సన్నివేశము జోలికి ఎవరును రాకుండ ఆదేశించ ప్రార్థన. ఇది బతిమాలుట కాదని కూడ చిత్తగించవలెను.

ఆ ఒక్క సన్నివేశము విషయములో తప్ప
తమ విధేయుడు,
కె. ప్రేమానందం, బి.ఏ.

తా.క.: ఇది చదివి వినిపించగా మస్తానమ్మ, "ఇంత పొడుగు రాసినావు, బొమ్మ ఎప్పుడేస్తామో రాయలేదేందిరా?" అన్నది. ఈ ఆదివారము సాయంత్రము ఆరాధన ముగిసిన పిదప, మా చర్చి ఆవరణలో. పూర్తి చిత్రము. ఆపదలచినచో ఉత్తర్వు రాతపూర్వకముగా పంపగలరు. బొమ్మకు ముందు మైకులో చదివెదను.