లారీ ఆయిలు పోసిన గడ్డి మిషను

సాలూరులో ఉన్న మా అన్నియ్యకి, రాయపూరు నుంచి సెల్లి పైడితల్లి దండాలు పెట్టి రాస్తన్నది.

ఎలాగున్నారు అన్నియ్యా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందేటి? వొదిన, పిల్లలు బాగున్నారా? నువ్వు బాగానే ఉంటావు, నీకేటి. మేం ఇక్కడ బాగానే ఉన్నాం. మీ బావ నీళ్ళ టేంకరు తోలతన్నాడు. తిండికి లోటు నేదు. ఏటీ బెంగెట్టుకోవద్దని అమ్మకి సెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేటి అనుకుంటావు. ఆ రోజు నా మాట అవకుండానే కట్టేసినావు. మళ్ళీ సేస్తే స్పీకరు పెడతావు, నీ లారీల షెడ్డులో ఉన్నోళ్ళందరూ ఇంటారు. అందుకే రాసి, లారీ తోలే సింహాచలం మావ సేతికిచ్చి పంపుతన్నాను. దీంతోపాటు ఓ గుడ్డ మూట, నీ ఆయిలు డబ్బా కూడా వస్తాయి. ముందు ఉత్తరం పూర్తిగా సదువు. మూట తరవాత ఇప్పు.

ఇక్కడ వానలు పట్టినాయి. నాను పనిసేసే ఫేక్టరీ ఆవరణంతా గడ్డి మోకాలెత్తు. మగోళ్ళు మిషను భుజానేసుకుని కోస్తారు, ఆడోళ్ళం ఎనకాల నడుం వొంచుకుని పోగెయ్యాల. సుట్టూ హిందీయే. 'బాయీ' అంటే నన్నే పిలిసినట్టని తెలుసుకున్నాను, మిగతాది సగం సగమే. అన్నం దొరుకుతాది గాని పొద్దున్నే అంబలి తాగనిదే నాకు కడుపు నిండినట్టుండదు. ఎవులితోనైనా మన మాట మాట్టాడాలంటే సాయంత్రం మీ బావ వచ్చేదాకా ఆగాల. ఆయన వచ్చి తిని తొంగుంటాడు. బాగానే ఉన్నాన్లే, ఊరికే రాసినాను.

మిషను కోసేవాడొకడు పెళ్ళికని ఊరెళ్ళి రానేదు. తాడు లాగి స్టార్టు సెయ్యడం ఎవులికొచ్చని సూపర్‌వైజరు అడిగినాడు. నాను ముందుకెల్లినాను. మూడోపాలి లాగేసరికి పట్టుకుంది. అన్నియ్యా, ఆ రోజు నాకెంత బాగుందో సెప్పనేను. గౌనేసుకున్నప్పటి నుంచి నీ షెడ్డులో డీజిలుతో నట్లు కడిగినాను. పన్నెండు పదమూడు పానా అంటే సూడకుండానే తీసిచ్చినాను. ఒక్క నట్టు బిగించనిచ్చినావేటి? ఇక్కడ ముక్కూ మొగం తెలీనోళ్ళు మిషనే నా భుజానికి తగిలించినారు. తెల్ల లైను గీసినట్టు కోసినాను. పని ఆపి మరీ సూసినారందరూ.

దానికి పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాల. లీటరుకి సీసామూతతో కొలిసి టూటీ ఆయిలు, అదే పాత స్కూటర్లకి పోసేలాంటిది, కలిపి, డబ్బా బాగా ఆడించాల. ఆ సీసా అయిపోయింది. కొత్తది తెస్తానన్నోడు తేనేదు. ఇంట్లో మెకానిక్కుండగా నాకేటని నీకు ఫోను సేసినాను.

నువ్వేటన్నావో గుర్తుందా? పగలబడి నవ్వినావు. "గడ్డి కోసే మిషన్‌కి సోకుల ఆయిలేటే? అదంతా సీసాలమ్ముకునే ఎత్తు. ఘాటీ ఎక్కే పది సక్రాల బండిని లాగే ఆయిలు, నీ బొమ్మ మిషన్ని లాగదేటి?" అన్నావు. లారీల ఊరోళ్ళం కదా, మన సాలూరోళ్ళందరికీ ఉన్న పొగరే అది. లారీకి పనికొచ్చింది లోకంలో అన్నిటికీ పనికొస్తాదనుకుంటాం. నాకూ ఉంది ఆ పొగరు, నీ ఒక్కడిదే తప్పని అనను. సింహాచలం మావ నువ్వు పంపిన లారీ ఆయిలు డబ్బా దింపితే తీర్థప్రసాదంలా అందుకున్నాను. మా అన్నియ్య పంపినాడు, సాలూరులో పెద్ద మెకానిక్కని వచ్చీరాని హిందీలో అందరికీ సెప్పుకున్నాను.

పోసిన రోజు నుంచే పొగ. రేసు పెంచితే గుక్కపట్టినట్టు ఆగిపోయేది. నీకు మళ్ళీ సేసినాను. "ఆయిలు సాల్నట్టుంది, ఇంకాస్త ఎక్కువ పొయ్యి" అన్నావు. పోసినాను. ప్లగ్గు తీస్తే బొగ్గు. తుడిసి పెట్టుకుని కోసినాను. రెండు వారాలు తిరక్కుండానే, కోస్తా కోస్తా ఉండగా కీసుమని అరిసి ఆగిపోయింది. తాడు లాగితే కదల్నేదు. ఎంత లాగినా కదల్నేదు. పట్టేసింది అన్నియ్యా. గడ్డిలో కూలబడి ఏడ్సినాను, ఎవులు సూస్తే నాకేటని.

బజార్లో ఓ ముసలి మెకానిక్కు దగ్గిర ఇప్పించినారు. నాను పక్కనే నిలబడి వచ్చీరాని హిందీతో, సైగలతో అన్నీ అడిగినాను. ఆయన నవ్వనేదు. లారీ ఇంజిన్లో ఆయిలు అడుగున ఉండి తిరుగుతాదంట, కాలకూడదంట. దీనికి అడుగే నేదు. ఆయిలు పెట్రోలుతో కలిసి లోపలికెల్లి, తడిపి, కాలి, పొగై పోవాల. నువ్వు పంపింది కాలిపోదు, మాడి అట్టకడతాది. ఆయిలు ఎక్కువ పోస్తే ఆ మేరకి పెట్రోలు తగ్గి మిషను ఇంకా వేడెక్కుతాదంట. అంటే నువ్వు సెప్పిన రెండో మాట మొదటిదానికన్నా తప్పు. పడవల ఆయిలు కూడా వద్దన్నాడు, పడవ ఇంజిన్ని నీళ్ళు సల్లారుస్తాయి, దీనికి గాలే దిక్కు. సీసా మీద టూ స్ట్రోక్ అని, కింద ఎఫ్‌డీ అని రెండక్షరాలుంటే కళ్ళు మూసుకుని కొనుక్కోమన్నాడు. సేతిమీద రాసుకున్నాను.

అది సెబుదామనే నీకు ఫోను సేసినాను. దెబ్బలాటకి కాదు. నువ్వు ఇనకుండా, "ఆడోళ్ళు మిషను ముట్టుకుంటే అంతే" అని కట్టేసినావు. ఆడలేనమ్మ మద్దిల ఓడన్నాదంట! నీ ఆయిలు మంచిదే, నా సెయ్యి సెడ్డదా?

పోనీ అనుకున్నాను. నాలుగు రోజులకి అమ్మ ఫోను. "ఎందుకే ఆడదానివి మిషను జోలికెల్లినావు? అన్న పరువు తీసినావు కదే" అంది. నువ్వు వొదినకి సెప్పి, టీ కొట్టుకాడ సెప్పి, వీధంతా నవ్వినారంట. అన్న పరువు నాను తీసినానా? ఇను మరి, నాను సేసింది.

ఆఫీసులో పెద్ద సారు పిలిసి ఆ ఆయిలు ఎక్కడిదని అడిగినాడు. నీ పేరు సెప్పి ఉంటే, సాలూరు లారీలు ఆగే సోటే కదా ఇది, సాయంత్రానికి డ్రైవర్లందరికీ తెలిసిపోయేది. నీ షెడ్డుకొచ్చేది ఆళ్ళే. తెలీక నానే బజార్లో కొన్నానని సెప్పినాను. మిషను తీసుకుని నా సేతికి మళ్ళీ గడ్డి పోగేసే పళ్ళకర్రే ఇచ్చినారు. నిన్న సింహాచలం మావ పదిమంది డ్రైవర్ల మజ్జిన, "మీ అన్న ఆయిలు ఎలా పనిసేసిందే?" అని అడిగినాడు. "బంగారంలాగుంది మావా" అన్నాను. పళ్ళు బిగబట్టుకుని అన్నాను. నాను ఇక్కడ నీ పరువు కాస్తంటే, నువ్వక్కడ టీ కొట్టుకాడ నాది అమ్ముకుంటన్నావు. ఒక కడుపునే పుట్టినామా అన్నియ్యా?

బాగు సేయించినాక ఇప్పుడు ఆ మిషనుతో రామ్‌లాల్ అనేవోడు కోస్తన్నాడు. లైను వంకర. ఆయిలు ఏరి తెచ్చి కలపడం మాత్రం నాకే ఒప్పజెప్పినారు, సీసా మీద అక్షరాలు సదివేది నానొక్కదాన్నే. పొద్దున్నే కొలిసి, కలిపి, ఆడించి వాడికిస్తాను. వాడు స్టార్టు సేస్తాడు. నాను ఎనకాల పోగేస్తాను. పొగ పల్సగా వస్తాది, ఇంజిను ఖణేల్మంటాది. ఆ సప్పుడింటే నాకు గుండె మండిపోతాది.

ఇప్పుడు మూట ఇప్పు. అది ఆ మిషను పిస్టను. పారేస్తామంటే అడిగి తెచ్చుకున్నాను. కళ్ళతో సూడొద్దు, గోరు పెట్టి గియ్యి. గోరు గీతల్లో ఆగితే పిస్టను పోయినట్టని నువ్వే ఎవులికో నేర్పతంటే ఇన్నాను, నాకు నేర్పనేదు. అంచున మాడిన అట్ట కూడా సూడు. అది సెయ్యి తప్పో ఆయిలు తప్పో నీకొకరు సెప్పాలేటి?

సింహాచలం మావ పది రోజులకి మళ్ళీ ఈ దారిన వస్తాడు. మళ్ళీ అడుగుతాడు, ఆళ్ళకి ఆయిలు కబుర్లు తప్పితే ఏటున్నాయి. ఈలోగా అమ్మ దగ్గిర కూకుని, ఆయిలు నాది, సెల్లి తప్పు నేదని ఒక్క మాట సెప్పు. టీ కొట్టుకాడ సెప్పక్కర్నేదు. అమ్మకి సాలు. సెప్పినావో నేదో అమ్మ గొంతులోనే నాకు తెలిసిపోతాది. సెప్పకపోతే ఈపాలి మావకి అబద్ధమాడను.

వొదినని అడిగినానని సెప్పు. మావ వచ్చినప్పుడు అంబలికి సోడిపిండి పంపమను, ఎండుసేపలుంటే కొంచెం. పిల్లలకి ముద్దులు. అమ్మ కాళ్ళకి నా దండం. పెద్దోడివి, కోపమొచ్చినా దీవించు. నాకూ కోపంగానే ఉంది, అయినా దండం పెడతన్నాను.

నీ సెల్లి,
పైడితల్లి

మళ్ళీ రాస్తన్నాను: డబ్బాలో ఆయిలు సగం అలాగే ఉంది. పారబొయ్యకు. లారీకి పొయ్యి, దానికి మంచిదే. ఆయిలు తప్పేటీ నేదు అన్నియ్యా.