ఈరక్క అత్తను పూడ్చిన చోటు

పెద్దతిమ్మప్ప మామకు,

మా స్టార్టప్‌కు పెద్ద కంపెనీలతో పొత్తు కుదర్చడం నా పని. నా మాట మీద నువ్విచ్చిన రాయచెర్లు చేనులో గురువారం సోలార్ స్తంభాలకు గుంతలు తవ్వుతారు.

బెంగళూరు కంపెనీవాళ్లు ఖాళీ నేల ఫోటో అడిగితే, ఈరక్క అత్తను పూడ్చిన చోట నువ్వు పెట్టిన రాయిని నేనే తీశాను. మళ్లీ పెట్టేలోపే వాళ్లు ట్రాక్టరుతో చదును చేశారు. "ఈడ సమాధులేమన్నా ఉండాయా?" అని వాళ్ల మనిషి అడిగాడు. "ఏమీ లేవు సార్" అన్నాను.

ఇప్పుడు చేనులోకి దిగితే "చూసి నడువప్పా, కాలు యాడ పెడతాండావు?" అని అత్త అడిగినట్టే ఉంటుంది. రాయిని ఇప్పటికి మూడు చోట్ల పెట్టి చూశాను.

ఆమెను మోసినవాళ్లలో నువ్వొక్కడివే మిగిలావు. తిట్టేది తర్వాత తిట్టు, బుధవారంలోగా వచ్చి చోటు చూపించు. నీకు గుర్తు లేకపోయినా రా మామా. తవ్వేటప్పుడు నేనొక్కణ్ణే ఆడ నిలబడలేను.

నీ మేనల్లుడు