బొమ్మను ఎందుకు తడిపానంటే

వైద్యాధికారి గారి సముఖమునకు, ప్రసూతి విభాగమున శిక్షణనిచ్చు నర్సు సమర్పించుకొను అర్జీ.

విషయం: శిక్షణ బొమ్మను నీటిలో ముంచినందుకు సంజాయిషీ, సదరు బొమ్మను స్టోరు బీరువా నుండి విడిపించుట గురించి.

అయ్యా,

1. పుట్టగానే ఊపిరి తీయని పసిబిడ్డకు ఊపిరి ఎట్లు అందించవలెనో కొత్త నర్సులకు నేర్పుట నా విధి. ఇందుకు మన ఆసుపత్రిలో ఉన్నది ఒకే ఒక రబ్బరు బొమ్మ. దానిని తడిపి ఆస్తి నష్టము కలిగించితినని తమరు మెమోలో సెలవిచ్చారు. తడిపిన మాట నిజము. నష్టము మాత్రం అబద్ధము.

2. కారణము మనవి చేసుకొనుచున్నాను. గత బ్యాచిలో ఒక చురుకైన పిల్ల, తాను చేసిన మొదటి కాన్పులో బిడ్డ ఏడవకపోయేసరికి గాలి పంపే సంచీ కోసం పరుగెత్తింది. బిడ్డను తుడవలేదు. ఒంటినిండా తడితో, చల్లని బల్ల మీద బిడ్డ నీలం తిరిగిపోతుంటే నేనే తువ్వాలుతో ఉరికాను. బతికింది, మన అదృష్టం. "ముందు తుడవాలని చెప్పానా లేదా?" అని కేకలేశాను. "చెప్పారు మేడం. కానీ మన బొమ్మ ఎప్పుడూ పొడిగానే ఉంటుంది కదా, చేతికి అలవాటు కాలేదు" అని ఏడ్చింది. అప్పటి నుంచి బొమ్మను సబ్బునీళ్లలో ముంచే చేతికిస్తున్నాను.

3. స్టోర్ కీపరు గారు అది చూసి గుండెలు బాదుకున్నారు. "ఏంటమ్మా, దీనికి స్నానాలా? రేపు జోల కూడా పాడతారేమో!" అంటూ లాక్కెళ్లి తాళం వేశారు. ఆడిట్ అయ్యేదాకా దిండుతో నేర్పుకోమన్నారు. అయ్యా, దిండుకు మెడ ఉండదు. ఊపిరి దారి తెరుచుకునేలా తల ఏ మాత్రం వెనక్కి వంచాలో దిండు మీద ఎలా చూపించను?

4. ఇది రాయకూడదనుకున్నాను. ఏటి అవతలి ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన ఇద్దరు నర్సులకు ఇంకా ఈ శిక్షణ లేదు. నా కూతురికి నెలలు నిండాయి. దాని కాన్పు అక్కడే. నాకు భయంగా ఉంది సార్. కంటి మీద కునుకు లేదు.

కావున తమరు ఈ నాలుగు ముక్కలూ చిత్తగించవలెను. చిత్తగించిన వెంటనే బీరువా తెరిపించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
శిక్షణ నర్సు

తా.క.: అర్జీ ఇవ్వడానికి వస్తే, తమరు మీటింగులో ఉన్నారని బయట కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఇంతలో ఆ నర్సుల్లో ఒకామె ఫోను చేసింది. "మేడం, మీ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. మాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు, రండి." తొలికాన్పు కాబట్టి కాస్త వ్యవధి ఉంటుంది. స్టోర్ కీపరు భోజనానికి వెళ్లారు, తాళంచెవి మేకుకే ఉంది. ఆయన్ని ఏమీ అనకండి. బొమ్మను తీసుకుని బస్సెక్కుతున్నాను. కాన్పు గది పక్కనే బకెట్ పెట్టి, ఉన్న కాస్త సమయంలో వాళ్లిద్దరికీ నేర్పుతాను. నువ్వే చేయొచ్చు కదా అంటారేమో. ఎందరి బిడ్డలనో పట్టిన చేతులే ఇవి. కానీ నేను దాని కన్నతల్లిని, ఆ గదిలో నా చేతులు నా మాట వినవు సార్. వాళ్ల చేతులే నాకు దిక్కు.